తారాబాయి గోడ, శంకర్రావు టార్చి

"ఈ బొంబాయి మహానగరంలో నేరం చేసి తప్పించుకోవాలంటే నేరస్థుడికి రెండే మార్గాలు. ఒకటి, నేరం చేయకపోవడం. రెండు, కామాటిపురలో చేయకపోవడం. ఎందుకంటే ఇక్కడ, మిత్రమా, నేనున్నాను."

ఈ మాటలు అన్నది డిటెక్టివ్ శంకర్రావు. అన్న చోటు ఆరో గల్లీలో రాజమల్లు కుట్టుమిషను ముందు. అన్న సమయానికి అతని ప్యాంటు రాజమల్లు చేతిలో ఉంది. గుండీ ఊడిపోతే కుట్టించుకోవడానికి వచ్చాడు. నడుముకు తువ్వాలు చుట్టుకుని, నడిబజారులో నిలబడి అంత మాట అనగలిగాడంటే అతని ఆత్మవిశ్వాసం ఏ పాటిదో అర్థం చేసుకోవచ్చు.

"ఔ గని, తువ్వాల గట్టిగ పట్టుకో," అన్నాడు రాజమల్లు, దారం కొరుకుతూ.

శంకర్రావు అసలు ఉద్యోగం గ్రాంట్ రోడ్ స్టేషను దగ్గర ఒక సినిమా హాల్లో. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు టార్చి వేసి సీటు చూపించడం, ఆట ముగింపుకు వస్తుంటే పోయి తలుపులు తీయడం. ఏళ్ళ తరబడి అదే పని. ఆ ఏళ్ళలో అతను చూడని నేరపరిశోధన సినిమా లేదు. కాకపోతే ఒక్కదాని ముగింపు కూడా చూడలేదు. తెర మీద హీరో అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, "దొంగ ఇక్కడే ఉన్నాడు" అనేసరికి శంకర్రావు వెనక గొళ్ళెం లాగుతూ ఉంటాడు. అందుచేత నేరం ఎలా మొదలవుతుందో, అనుమానం ఎవరెవరి మీద పడాలో, ఉరుము ఎప్పుడు ఉరమాలో అతనికి కంఠతా వచ్చు. చేసింది ఎవరన్నది మాత్రం ఎన్నడూ తెలియలేదు.

ఇదివరకు అతను ఛేదించిన కేసు ఒకే ఒక్కటి. తన టార్చి పోయిందని హాలంతా వెతికి, చివరికి దొరకబుచ్చుకున్నాడు. వెతికినంతసేపూ దాని వెలుగులోనే వెతికాడు.

డిటెక్టివ్ హోదాలో ఉన్నప్పుడు శంకర్రావు పుస్తకాల తెలుగు మాట్లాడతాడు. ఆకలేసినా, భయమేసినా మామూలు తెలుగులోకి దిగిపోతాడు. చిన్నప్పటి నుంచీ అతని స్నేహితుడైనందుకు ఈ రెండు తెలుగులూ వినే బాధ్యత రాజమల్లుది.

గుండీ కుట్టడం పూర్తవుతుండగా రాజమల్లు భార్య తారాబాయి గల్లీలోకి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతులకు ఇంకా జిగురు అంటుకుని ఉంది.

"గుండు కనబడ్తలేదు," అంది.

సూది రాజమల్లు వేలికి గుచ్చుకుంది. శంకర్రావు కళ్ళు మెరిశాయి. ప్యాంటు లాక్కుని, తువ్వాలు వెనకాలే తొడుక్కుంటూ, "ఎవరూ దేన్నీ ముట్టుకోకండి," అన్నాడు.

ఆ గుండు సంగతి చెప్పాలంటే ముందు తారాబాయి సంగతి చెప్పాలి. మిఠాయి దుకాణాలకు అట్టపెట్టెలు మడిచి ఇవ్వడం ఆమె కడుపు కోసం చేసే పని. ఆటలు కట్టడం ప్రాణం కోసం చేసే పని. అష్టాచెమ్మాలూ పాములూ నిచ్చెనలూ కాదు. ఆమె ఆటల్లో కూర్చున్న ప్రతివాళ్ళూ ఇంకొక మనిషి కావాలి. ఆ మనిషి ఏం చేస్తాడో, ఏమంటాడో నోటితో చెప్పాలి. కథ నడిపే మనిషి ఒకరుండి, అది విని మలుపు తిప్పుతూ పోవాలి. మొదట్లో ఒక్కో గదిలో ఒక్కో సంసారం ఉండే వాళ్ళ చాల్‌లో వాళ్ళు చూసి, "ఇదేం నాటకమే, కూసోని ఆడుతరు, మొఖానికి రంగు సుత లేదు," అన్నారు.

ఆమె కట్టిన మొదటి ఆట పేరు 'నల్లా'. అందులో అందరూ నీళ్ళ వరసలో నిలబడ్డ మనుషులు. పొద్దున నల్లా దగ్గర కొట్లాడింది చాలనట్టు ఆడవాళ్ళు మధ్యాహ్నం కూర్చుని మళ్ళీ కొట్లాడారు. రెండో ఆట 'రైలు'. ఒక డబ్బాలో ప్రయాణికులు, ఎవరి కథ వాళ్ళది. రాజమల్లు బండి ఎక్కలేక ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాడు. ఆట సాయంత్రం దాకా నడిచింది, అతను అక్కడే నిలబడి ఉన్నాడు. ఈ రెండు ఆటలూ చాల్ గడప దాటలేదు.

దాటలేదనుకున్నారు గానీ, ఆమె తన ఆటల్ని కూడా మిఠాయి పెట్టెల్లోనే సర్దుతుంది కదా, ఒక 'రైలు' పెట్టె పొరపాటున ఖాళీ పెట్టెలతో కలిసి దుకాణానికి పోయింది. అక్కడి నుంచి పేడాల పేరుతో గిర్గావ్‌లో పెండ్సే అనే పెద్దాయన ఇంటికి చేరింది. పెండ్సేది పాములూ నిచ్చెనల పటాలు అచ్చువేసి అమ్మే వ్యాపారం. పేడాల కోసం మూత తీసిన మనిషి, పేడాలు లేనందుకు దుకాణంవాణ్ణి తిట్టి, మర్నాడు దాన్ని కట్టిన మనిషి ఎవరో కనుక్కున్నాడు. కొత్తది ఏమైనా ఉంటే ఆదివారం మధ్యాహ్నం వచ్చి చూస్తానని, నచ్చితే అచ్చువేస్తానని కబురు పంపాడు.

ఇవాళే ఆ ఆదివారం.

"ఆయనకు నచ్చకుంటే ఇగ ఈ ఆటల ముచ్చట బంద్," అని తారాబాయి వారం కిందట అంది. "డబ్బాలు మడుసుకుంట కూసుంట." కోపంగా అనలేదు, మెల్లగా అంది. రాజమల్లుకు అదే భయం. ఆటలు లేని తారాబాయిని అతనికి తెలుసు. పెళ్ళయిన కొత్తలో, పట్టుమని పది మాటలు మాట్లాడకుండా అట్టలు మడిచే మనిషి. మొదటి ఆట కట్టిన రోజున ఆమె నవ్వు విని, ఈ నవ్వు ఇన్నాళ్ళూ ఎక్కడుందా అని అతను ఆశ్చర్యపోయాడు. అది మళ్ళీ పోవడం అతనికి ఇష్టం లేదు.

ఇక కొత్త ఆట పేరు 'గోడ'. నేల మీద ముగ్గుతో ఒక గీత. ఆ గీత మీద పేర్చడానికి, పగిలిన పెంకులు అరగదీసి చేసిన చిటికెన వేలంత ఇటుకలు. పక్కన ఒక పుల్లకు దారం కట్టి వేలాడదీసిన ఇత్తడి గుండు. గోడ నిలువుగా లేస్తున్నదో లేదో తాపీవాళ్ళు చూసుకునే తూకం గుండు అది. ఆడేవాళ్ళు ఒక్కొక్కరూ ఈ బొంబాయిని కట్టడానికి వచ్చిన తమ పెద్దల్లో ఒకరవుతారు. వంతు రాగానే ముందు 'నేను ఫలానా' అని పేరు చెప్పాలి. ఆ రోజు ఆ మనిషి ఏం చేశాడో చెప్పి ఒక ఇటుక పెట్టాలి. గోడ దారానికి తగిలితే వంకర పోయినట్టు. అప్పుడు మేస్త్రి వేషంలో ఉన్న తారాబాయి ఒక కష్టం తెస్తుంది: వానో, జ్వరమో, కూలి ఎగ్గొట్టిన కూలీల పెద్ద ముకద్దమో. గోడ కూలిందా, ఇటుక పెట్టినవాడి మనిషి పరంజా మీద నుంచి పడ్డట్టే.

నెల రోజులుగా ఆదివారం ఆదివారం ఆడి చూస్తున్నారు. పక్క గది, అంటే పక్క ఖోలీ వజ్రమ్మ తన అమ్మమ్మ కిష్టమ్మ అవుతుంది. పాలమూరు నుంచి వచ్చి తాపీపని చేసుకునే, ఆ చిన్న ఇటుకలు అరగదీసి ఇచ్చిన యాదయ్య తన తాత చంద్రయ్య అవుతాడు. రాజమల్లు తన తండ్రి బాలయ్య అవుతాడు. ఆ గుండు కూడా బాలయ్యదే. కాకపోతే రాజమల్లు దర్జీ. బట్ట అతని మాట వింటుంది గానీ ఇటుక వినదు. ఇప్పటిదాకా ఆడిన ప్రతిసారీ గోడ అతని చేతిలోనే కూలింది. బాలయ్య పడ్డాడు, పడ్డాడు అని అందరూ పగలబడి నవ్వారు.

"దారానికి తాళంకప్ప కడితే కాదా?" అన్నాడు రాజమల్లు, మెట్లెక్కుతూ.

తారాబాయి అతని వైపు ఒక చూపు చూసింది. తాళంకప్ప సంగతి ఆ చూపుతో ముగిసింది.

వాళ్ళ ఖోలీ మూడో అంతస్తులో. గడపలో రాజమల్లు తల్లి గంగాబాయి చేటలో బియ్యం ఏరుతోంది. తలుపు పక్క గోడకు బాలయ్య ఫొటో, దండ వేసి ఉంది. ఆ ఫొటో ఎందుకో ఒక పక్కకు ఒరిగి, గోడ నుంచి కాస్త ముందుకు పొడుచుకుని ఉంది. తాపీమేస్త్రి ఫొటో వంకరగా ఉండటమేమిటని రాజమల్లుకు చిరాకేసి, సరిచేయబోయాడు.

"ఆగు," అన్నాడు శంకర్రావు. "సాక్ష్యాలను ముట్టుకోవద్దు." పట్టపగలు టార్చి వెలిగించి ఫొటో మీదికి, కిందికి వేసి చూశాడు. "ఇందులో ఏమీ లేదు. ముందుకు సాగుదాం."

గంగాబాయి బియ్యం ఏరుతూనే ఉంది.

శంకర్రావు ఖోలీ మధ్యలో నిలబడి గంభీరంగా కళ్ళు మూసుకున్నాడు. "మిత్రమా, ఒక ఇత్తడి గుండు కోసం ఎవడైనా దొంగతనం చేస్తాడా? చేయడు. కాబట్టి అది ఇత్తడి కాదు. పైన ఇత్తడి పూత. లోపల మేలిమి బంగారం. నడిసముద్రంలో పడవలు దించే బంగారు బిస్కెట్లను కరిగించి, గుండు రూపంలో దాచారు. ఇది అంతర్జాతీయ ముఠా పని."

"అరే, అది మా నాయన చోర్ బజార్ల కొన్నడు రా."

"చోర్ బజార్." శంకర్రావు కళ్ళు తెరిచాడు. "విన్నావా తారా చెల్లె, వీడే ఒప్పుకున్నాడు."

విచారణ యాదయ్యతో మొదలైంది. సెలవు రోజు కాబట్టి తలంటుకుని, ఆట కోసమని ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు పాపం.

"నీకు సొంతంగా గుండు ఉన్నదా, లేదా?"

"ఉన్నదన్నా. సైటుల పెట్టెల ఉన్నది. తాళం ముకద్దం కాడ ఉంటది. ఐతారం ఇయ్యడు. తెచ్చినా ఇంత బరువుంటది, ఈ చిన్న గోడకు పనికిరాదు."

"గుండు ఉన్నవాడికి ఇంకో గుండు ఎందుకు?"

"నేను తీస్కోలేదంటున్న గద అన్నా."

"తీసుకోకపోతే, ఎందుకు తీసుకోలేదో చెప్పు."

యాదయ్య చాలాసేపు నిజాయితీగా ఆలోచించి, "నాకు ఎరుకలేదు," అన్నాడు. శంకర్రావు ఆ జవాబును అనుమానంగా స్వీకరించాడు. ఇంటికొచ్చిన మనిషిని ఇలా నిలబెట్టి అడగడం రాజమల్లుకు సిగ్గనిపించింది. యాదయ్య చేతిలో ఛాయ్ గ్లాసు పెట్టి, "వాని మాటలు మనసుల పెట్టుకోకు తమ్మీ," అన్నాడు.

తర్వాత గంగాబాయి వంతు. శంకర్రావు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నిన్ను కొన్ని ప్రశ్నలు అడగాలి. ఆ గుండు ఎవరిది?"

"ఆయనది."

"ఆయన అంటే?"

"ఆయననే."

"పేరు?"

గంగాబాయి కొంగు నెత్తి మీదికి లాక్కుని మళ్ళీ బియ్యంలోకి తల వంచింది. శంకర్రావు లేచి, రాజమల్లును నడవాలోకి లాక్కుపోయి గొంతు తగ్గించాడు.

"గమనించావా? పేరు చెప్పడం లేదు. వెనకాల ఎవడో పెద్ద తలకాయ ఉన్నాడు. ముఠాలో అందరూ వాణ్ణి 'ఆయన' అనే పిలుస్తారు. అసలు పేరు ఎవరూ పలకరాదు. పలికితే ప్రాణం పోతుంది."

"అరే పిచ్చోడా, ఆయనంటె మా నాయన."

"మీ నాన్న ముఠా నాయకుడా?"

"సచ్చిపోయి శాన ఏండ్లయింది రా."

"అందుకే ఎవరికీ దొరకడం లేదు," అన్నాడు శంకర్రావు.

రాజమల్లు నుదురు కొట్టుకున్నాడు. గంగాబాయి మొగుడి పేరు పలకదని ఈ చాల్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ తరం ఆడవాళ్ళు ఎవరు పలుకుతారు? రేషన్ ఆఫీసులో గుమాస్తా మొగుడి పేరు అడిగితే ఆమె పక్కనున్న వజ్రమ్మ వైపు చూస్తుంది, వజ్రమ్మ "బాలయ్య" అంటుంది. ఆసుపత్రిలో అయినా అంతే, ఓటేసే చోటైనా అంతే. ఆ పేరు పలకడానికని వజ్రమ్మను ఎక్కడికి పడితే అక్కడికి వెంట తీసుకుపోతుంది. బస్సు టికెట్టు మాత్రం గంగాబాయే కొంటుంది.

భోజనాల వేళ దాటింది. తారాబాయి ఖోలీ అంతా దులిపి, బియ్యపు డబ్బా కుమ్మరించి, బొంతలు విప్పి వెతికింది. ఎక్కడా లేదు. ఆఖరికి ముగ్గు గీత ముందు కూర్చుని, గుండు లేని దారం వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. రాజమల్లు పక్కన కూర్చున్నాడు. "దొరుకుతది," అన్నాడు. ఆమె తల ఊపింది, నమ్మినట్టు కాదు, అతని మాట తీసేయడం ఇష్టం లేక.

ఈలోగా శంకర్రావు ముఠా నాయకుణ్ణి పట్టుకోవడానికి మారువేషం వేశాడు. జీవితంలో మొదటిసారి మ్యాట్నీకి సెలవు పెట్టి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, చిరిగిన కంబళి కప్పుకుని, ముందర సత్తుగిన్నె ఒకటి పెట్టుకుని, గుడ్డి బిచ్చగాడిలా మెట్ల మీద కూర్చున్నాడు. ఒళ్ళో టార్చి వెలుగుతూనే ఉంది.

"శంకరన్నా, తొవ్వకు అడ్డం కూసున్నవేంది?" అంటూ వజ్రమ్మ అతన్ని దాటుకుని పైకి పోయింది. వెనకాల వచ్చిన వాళ్ళు కూడా పేరు పెట్టి పలకరించి, ఆరోగ్యం అడిగి పోయారు.

అతన్ని పోల్చుకోని మనిషి ఒక్కడే వచ్చాడు. తెల్ల ధోవతి, నల్ల టోపీ, చంకలో గొడుగు, చేతిలో గుడ్డసంచి. ఆ పెద్దమనిషి మెట్ల దగ్గర ఆగి, జాలిపడి గిన్నెలో ఒక నాణెం వేశాడు. అది ఠంగుమంది.

"సంకేతం," అని శంకర్రావు ఎగిరి లేచాడు. టార్చి ఆయన మొహం మీద పెట్టాడు. "కదలకు. బోల్, బిస్కెట్ కహా హై?"

పెద్దాయన బిత్తరపోయి సంచి తెరిచి చూపించాడు. అందులో నిజంగానే బిస్కెట్లున్నాయి. పిల్లలున్న ఇల్లేమోనని తెచ్చిన గ్లూకోజు బిస్కెట్ల పొట్లం. శంకర్రావు ఒకటి కొరికి చూశాడు. బంగారం కాదు.

గొడవ విని రాజమల్లు కిందికి దిగేసరికి పెండ్సే గొడుగు సర్దుకుని వెనక్కి తిరిగిపోతున్నాడు. గుడ్డివాళ్ళు కూడా టార్చిలు వేసి దోచుకునే ఇలాంటి చాల్ తన జన్మలో చూడలేదని మరాఠీలో అంటున్నాడు. రాజమల్లు రెండు చేతులూ జోడించాడు. పైన కటకటాల పక్కన తారాబాయి నిలబడి ఉంది. పిలవలేదు, ఏడవలేదు. ఆమె వైపు ఒకసారి చూసి రాజమల్లు ఆ పెద్దాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. వజ్రమ్మ దిగి వచ్చి, ఆ గుడ్డివాడు తమవాడేనని, కళ్ళు బాగానే ఉన్నాయని, బుద్ధికే కాస్త చత్వారమని మరాఠీలో నచ్చజెప్పింది. పెండ్సే నిట్టూర్చి, వచ్చినందుకు ఛాయ్ తాగి పోతానన్నాడు.

అందరూ ఖోలీలో చేరారు. పెండ్సే చాప మీద కూర్చున్నాడు. ఆయనకు తెలుగు రాదు, వజ్రమ్మ పక్కన కూర్చుని ప్రతి మాటా మరాఠీలో చెబుతోంది. యాదయ్య గోడకు ఆనుకున్నాడు. గంగాబాయి మూలన పొయ్యి దగ్గర కూర్చుంది. తారాబాయి ఆట గురించి చెప్పబోయి, గుండు లేని పుల్ల వైపు చూసి ఆగిపోయింది.

అప్పుడు శంకర్రావు కంబళి విసిరేసి తలుపు దగ్గర నిలబడ్డాడు. అందరి మొహాల మీదా వరసగా టార్చి వేశాడు.

"ఎవరూ కదలకండి. దొంగ ఈ గదిలోనే ఉన్నాడు."

పెండ్సే చేతిలో ఛాయ్ కప్పు ఆగిపోయింది. వజ్రమ్మ కూడా అనువదించడం ఆపేసింది. అందరూ శంకర్రావునే చూస్తున్నారు. శంకర్రావు అందర్నీ చూస్తున్నాడు. అలా చాలాసేపు గడిచింది.

"తర్వాత?" అన్నాడు రాజమల్లు.

శంకర్రావు మొహం తెల్లబోయింది. "తర్వాత నాకేమెరుక రా," అన్నాడు, పుస్తకాల తెలుగు వదిలేసి. "నేను తలుపులు తీయనీకి పోతుంటి గద."

అలవాటు అలవాటే. ఆ మాట అంటూనే అతని కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచాయి. చేయి వెనక గొళ్ళెం కోసం తడిమింది. సినిమా హాల్లో గొళ్ళెం ఉండే ఎత్తులో ఈ ఖోలీలో ఉన్నది బాలయ్య ఫొటో. అది పక్కకు జరిగింది. దాని వెనక నుంచి ఇత్తడి గుండు జారి, తాపీవాడు వదిలితే ఎంత నిలువుగా పడుతుందో అంత నిలువుగా శంకర్రావు కాలి బొటనవేలి మీద పడింది.

"సంపిన్రు," అని అరిచి అతను కూలబడ్డాడు.

తారాబాయి గుండు అందుకుంది. అందరూ ఫొటో వైపు చూశారు. గుండు పోవడంతో అది గోడకు అంటుకుని చక్కగా నిలబడింది.

"నేనే దాసిన," అంది గంగాబాయి, మూల నుంచి.

రాజమల్లు తల్లి వైపు తిరిగాడు. "ఎందుకే అమ్మ?"

"ఆయనది ఆయన కాడ పెట్టిన. అండ్ల తప్పేంది?" గంగాబాయి పొయ్యి వైపు నుంచి ఇటు తిరిగింది. "ఐతారం ఐతారం ఆయనను సంపుతున్నరు గద రా మీరు. ఎవ్వరిదన్న గోడ పడనీ, ఆయనది పడుతదా? ఈ షహర్‌ల ఎన్ని మాడీల మేడలు ఎక్కిండు, పరంజ మీద ఒక్కసారన్న కాలు జారిందా? జరమొచ్చి మంచంల పోయిండు. గోడ తప్పు కట్టి పోలేదు. వీనికేమో," అని కొడుకును చూపించింది, "బట్ట పట్టుకునుడే గని ఇటుక పట్టుకునుడు రాదు. వీని చేతుల పడి ఆయన పడుడు, పడ్డడు పడ్డడని మీరందరు నవ్వుడు. నేను మూలకు పండుకోని ఇంటుంటి."

వజ్రమ్మ మరాఠీలోకి మార్చి చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక మూసుకుంది. ఆమె కూడా నవ్విన మనిషే.

రాజమల్లుకు తల ఎత్తబుద్ధి కాలేదు. తండ్రి పనితనం గురించి ఊరంతా చెప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషిని తాను ఆటకైనా కింద పడేసి అందరితో పాటు నవ్వాడు. పక్కనే తల్లి ఉందని కూడా గుర్తులేదు. అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

తారాబాయి గుండును కొంగుతో తుడిచి, అత్త దగ్గరికి పోయి కూర్చుంది.

"అత్తా, తప్పు నాదే. మామను వీళ్ళ చేతుల పెట్టొద్దుండె. నువ్వు ఆడు."

"నేనా?"

"మామ గోడ కడుతుంటె పక్కపొంటి సున్నం తట్ట మోసింది నువ్వు. ఆయన చెయ్యి ఎట్ల తిరుగుతదో నీకంటె ఎవ్వరికెరుక?"

గంగాబాయి కోడలి మొహంలోకి చూసింది. తర్వాత ముగ్గు గీత వైపు చూసింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి వచ్చి, గోడ ముందు కూర్చుంది. చిన్న ఇటుకను వేళ్ళ మధ్య తిప్పి చూసి, "గీ ఇటుక మంచిగ చేసినవ్ రా యాదయ్యా," అంది.

అప్పుడు అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇటుక పెట్టే ముందు పేరు చెప్పాలి.

వజ్రమ్మ ముందుకు జరిగింది. "నేను చెప్తతియ్యి," అంది, రేషన్ ఆఫీసులో అన్నట్టే.

తారాబాయి కంగారుపడింది. "ఒద్దు అత్తా, పేరు లేకున్నా నడుస్తది. గా పేరు ముచ్చట తీసేద్దాం."

"ఎందుకు తీసేస్తవు?" గంగాబాయి చేయి అడ్డం పెట్టింది, వజ్రమ్మకూ కోడలికీ కలిపి. "ఆట నువ్వు కట్టినవ్. దానికి పద్ధతి ఉంటది గద. ఒకరి కోసమని గుండును వంకర పెడుతరా?"

శంకర్రావు కుంటుకుంటూ లేచి తలుపు వైపు నడిచాడు. ఈ ఘట్టం దగ్గర అతని కాళ్ళకు వేరే పని తెలియదు. రాజమల్లు అతని చొక్కా పట్టి కిందికి లాగాడు.

"కూసో. ఈసారన్న సూడు."

గంగాబాయి కొంగు నెత్తి నిండా కప్పుకుంది. ఫొటో వైపు చూడలేదు. ఇటుక వైపే చూస్తూ, "నేను," అంది. ఆగింది. గొంతు సవరించుకుంది.

"నేను బాలయ్యను."

వజ్రమ్మ కళ్ళు తుడుచుకుంది, మరాఠీలో ఏమీ చెప్పలేదు, పెండ్సే అడగలేదు. గంగాబాయి ఇటుక పెట్టింది. దారం పక్కన వెంట్రుక వాసి సందు వదిలి, నిటారుగా. తర్వాత తల తిప్పకుండానే కొడుకుతో అంది, "నువ్వు గంగాబాయివి. తట్ట తే. జల్దీ."

"నేను గంగాబాయిని," అన్నాడు రాజమల్లు. మొగుడు కోప్పడితే తల్లి మూతి ఎలా తిప్పేదో అలా మూతి తిప్పి, లేని తట్టను నెత్తికెత్తుకుని వచ్చాడు. యాదయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. తారాబాయి కూడా నవ్వింది. పెళ్ళయిన కొత్తలో లేని నవ్వు అది, రాజమల్లు గుర్తుపట్టాడు.

గోడ లేచింది. ఏ ఆదివారమూ లేవనంత ఎత్తు లేచింది. వాన వచ్చినా, ముకద్దం కూలి ఎగ్గొట్టినా బాలయ్య పరంజా దిగలేదు. పెండ్సే టోపీ తీసి పక్కన పెట్టి, నేనెవరిని అని అడిగి, ఇంటి యజమాని వేషం పుచ్చుకుని, కిటికీ ఇక్కడ కాదు అక్కడ పెట్టమని గంగాబాయితో తగువు పెట్టుకుని ఓడిపోయాడు. ఛాయ్ మూడోసారి వచ్చినప్పుడు వజ్రమ్మతో ఏదో అన్నాడు.

"గుండు ఒకసారి ఇస్తరా అంటున్నడు. పెట్టెకు ఒకటి చేపియ్యాలె గద, కొలత తీస్కుంటడంట."

తారాబాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"కొలత ఈడనే తీస్కొమ్మను," అంది గంగాబాయి. "గుండు గడప దాటదు."

శంకర్రావు అప్పటిదాకా బొటనవేలు పట్టుకుని, కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాడు. మెల్లగా రాజమల్లు చెవి దగ్గరికి వంగాడు. "అరే, సినిమాలన్ని ఇట్లనే అయిపోతయా?"

"కొన్ని."

"నేను ఇన్నేండ్లు తలుపులు తీసుకుంట తిరిగిన," అన్నాడు శంకర్రావు దిగులుగా. అంతలోనే గొంతు సవరించుకుని అందరికీ వినబడేలా, "ఏదేమైనా, కేసు ఛేదించింది నేనే," అన్నాడు.

"ఛేదించినవ్ గని, ఇగో, నీ వంతు," అంటూ తారాబాయి ఒక ఇటుక అతని చేతిలో పెట్టింది. "పేరు చెప్పి పెట్టు శంకరన్నా."

"నేను రాజన్నను, మా తాతను," అన్నాడు. కుడి చేత్తో ఇటుక, ఎడమ చేత్తో టార్చి పట్టుకుని, గోడ మీద వెలుగు వేసి, ఒక కన్ను మూసి, నాలుక బయటపెట్టి, ఎంతో జాగ్రత్తగా ఇటుక పెట్టాడు. ఇటుక బాగానే పెట్టాడు. టార్చి తగిలింది. గోడ మొత్తం బొలబొలా రాలిపోయింది.

శంకర్రావు తడుముకోలేదు. మొదటి రీల్లో చచ్చేవాళ్ళు ఎలా పడతారో అతనికంటే బాగా ఎవరికి తెలుసు? గుండె పట్టుకుని, ఒక చుట్టు తిరిగి, పెండ్సే ఒళ్ళోకి వెల్లకిలా పడిపోయాడు.

"పడ్డడు, పడ్డడు," అని గంగాబాయి అందరికంటే ముందు నవ్వింది. నవ్వుతూనే, చెల్లాచెదురైన ఇటుకలు మళ్ళీ దగ్గరికి పోగుచేయడం మొదలుపెట్టింది.